ఇంజినీరింగ్ అధ్యాపకులకు విద్యా పరిశోధన నేర్పడానికి వారం ఎఫ్‌డీపీ సరిపోతుందా?

బాచుపల్లి_ఈసీఈ:
హైదరాబాద్ కాలేజీల్లో దీనిమీద, అంటే విద్యార్థులు ఎలా నేర్చుకుంటారో పరిశోధించడం మీద, ఐదు రోజుల ఎఫ్‌డీపీలు (అధ్యాపకులకు ఇచ్చే శిక్షణ కార్యక్రమాలు) నడుస్తున్నాయి. ఆ తర్వాత వచ్చే పేపర్లు చాలావరకు ఒకే మూసలో ఉంటున్నాయి: ఏ సెక్షన్‌కు ఫ్లిప్డ్ క్లాస్ (పాఠం ఇంట్లో చూసొచ్చి, క్లాసులో అభ్యాసం చేయడం), బీ సెక్షన్‌కు మామూలు పాఠం, మిడ్ మార్కుల మీద టీ-టెస్ట్ (రెండు సగటుల తేడా కాకతాళీయమా కాదా అని చూసే లెక్క). ఎఫ్‌డీపీ ఆపేసి, ఆ ఖర్చుతో నలుగురైదుగురిని ఒక సెమిస్టర్ మొత్తం ఒక విద్యా పరిశోధకుడితో కలిసి పనిచేయించాలని నా వాదన. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి.

ఘట్‌కేసర్_సీఎస్‌ఈ:
ఒప్పుకోను సార్. క్లాసులు, ల్యాబులు, పైన ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) ఫైళ్లు. ఆ ఐదు రోజులూ లేకపోతే ఇలాంటి రంగం ఒకటుందని కూడా చాలామందికి తెలియదు. సీఓ-పీఓ (కోర్సు, ప్రోగ్రామ్ లక్ష్యాల) అటైన్‌మెంట్ లెక్క లక్ష్యం ఎంతవరకు అందిందో చెబుతుంది, ఎందుకు అందలేదో చెప్పదు. ఆ తేడా తెలిసేది అక్కడే. కాకపోతే ఐదింట్లో మూడు రోజులు ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) బటన్లకే పోతున్నాయి, అది మానాలి.

గణాంకాలు_మేడం:
టీ-టెస్ట్ సంగతి తేల్చుకుందాం. ఒకే గదిలో ఒకే టీచర్ దగ్గర కూర్చున్న 60 మంది 60 విడి కొలతలు కారు. వాళ్ల మార్కులు ఒకదానితో ఒకటి కలిసి నడిచే తీరు (కోరిలేషన్) 0.1 అనుకున్నా, 1 + 59 × 0.1 = 6.9; 60ని దీంతో భాగిస్తే దాదాపు 9. అంటే 60 మంది ఇచ్చే సమాచారం తొమ్మిది మంది ఇచ్చేదానితో సమానం. పైగా పద్ధతికి ఒకటే సెక్షన్ ఉంటే, తేడా పద్ధతి వల్లా సెక్షన్ వల్లా అని ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. లాటరల్ ఎంట్రీ (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన) వాళ్లంతా ఒక సెక్షన్‌లోనే పడ్డారా, సరే సరి.

పూర్తి మందు కాదుగానీ, కొంత మేలు చేసే దారి ఉంది. రెండో యూనిట్‌లో ఏకి కొత్త పద్ధతి, బీకి పాతది; మూడో యూనిట్‌లో తారుమారు. మిడ్ మార్కులు వదిలేసి, ఒకే కాన్సెప్ట్ ప్రశ్నలు ముందూ వెనకా ఇవ్వండి. ముందు 40 శాతం, తర్వాత 55 వస్తే, రావాల్సిన 60లో వచ్చింది 15, అంటే గెయిన్ 0.25. అమెరికా ఫిజిక్స్ అధ్యాపకుడు హేక్ 1998లో 62 ఫిజిక్స్ కోర్సులు, 6,542 మంది విద్యార్థులతో ఇదే కొలతను వాడారు. సంప్రదాయ బోధనలో సగటు 0.23, విద్యార్థుల చేత చేయించే బోధనలో 0.48. ఏదో ఒక్క కాలేజీలో సెక్షన్ల పోలికకు ఆ బరువు రాదు.

బాచుపల్లి_ఈసీఈ:
అసలు కష్టం, విద్యార్థి ఎలా ఆలోచిస్తున్నాడో తెలుసుకునే ఇంటర్వ్యూలో ఉంది మేడం, ఐదు రోజుల్లో అబ్బనిది అదే. కన్వల్యూషన్‌ను (రెండు సిగ్నళ్లను కలిపి మూడోది రాబట్టే లెక్క) టేబుల్ పద్ధతిలో తప్పులేకుండా చేసే విద్యార్థిని, "మూడు శాంపిళ్ల సిగ్నల్‌ను నాలుగు శాంపిళ్లదానితో కన్వాల్వ్ చేస్తే జవాబులో ఎన్ని వస్తాయి?" అని అడగండి. ఏడు అన్నాడనుకోండి. జవాబు ఆరు (3 + 4 - 1). ఆ క్షణంలో మనలోని లెక్చరర్ ఊరుకోడు, "ఇంకోసారి చూసుకో" అనేస్తాడు. అంతటితో డేటా పాడైనట్టే, ఎందుకంటే ఆ తర్వాత వాడు చెప్పేది మన ముఖం చూసి చెప్పేదే. "మనసులో అనుకునేది పైకి చెబుతూ చెయ్" అని ఊరుకోవాలి. ఈ ఓపిక రావాలంటే రికార్డింగ్ పక్కన పెట్టుకుని, ఎక్కడ నోరు జారిందో ఇంకొకరు చూపించాలి.

కోడింగ్ (విద్యార్థుల జవాబులను రకాలుగా గుర్తించడం) కూడా అంతే. ఇద్దరు కోడర్లకు 80 శాతం జవాబుల్లో ఏకీభావం కుదిరిందని రాసేస్తారు. ఇద్దరూ 80 శాతం జవాబులకు "అపోహ" అని గుర్తు పెట్టి ఉంటే, గుడ్డిగా పెట్టినా 68 శాతం కలుస్తాయి. కప్పా (గుడ్డిగా కలిసేవి తీసేశాక మిగిలే ఏకీభావపు కొలత) 0.375 మాత్రమే వస్తుంది. కోడ్‌బుక్‌లో నిర్వచనాలు మళ్లీ రాసుకోవాల్సిందే.

ఇబ్రహీంపట్నం_మెకానికల్:
ఒక మాట మరిచారు. ఇంటర్నల్ మార్కులు వేసే టీచరే అనుమతి పత్రం చేతికిస్తే ఏ విద్యార్థి కాదంటాడు? పత్రాలు వేరే బ్రాంచి వాళ్లు తీసుకుని, ఫలితాలు వచ్చేదాకా కవరు మూసి ఉంచాలి. ఎఫ్‌డీపీ అయినా, సెమిస్టర్ కార్యక్రమం అయినా ఇది మొదటి రోజే నేర్పాలి.

ఘట్‌కేసర్_సీఎస్‌ఈ:
ఇంటర్వ్యూ విషయంలో మీ మాట కాదనలేను సార్. అయితే ఆ నలుగురైదుగురు ఎవరో తెలియాలన్నా ముందు ఎఫ్‌డీపీ కావాలి. రెండు రోజులు చాలు. తలా ఒక ప్రశ్న, ఒక యూనిట్, పది కాన్సెప్ట్ ప్రశ్నలు రాసుకుని బయటికి రావాలి. సెమిస్టర్‌కు ఎంపిక ఆ కాగితం చూసి చేయండి. వాళ్ల టైంటేబుల్‌లో వారానికి రెండు గంటలు తగ్గిస్తానని ప్రిన్సిపల్ ముందే రాసివ్వకపోతే మాత్రం మొదలుపెట్టొద్దు. మొదటి మిడ్ వచ్చేసరికి రికార్డింగులు వినే తీరిక ఎవరికీ మిగలదు.