బైపీసీ తర్వాత డిగ్రీలో సైకాలజీ తీసుకోవచ్చా?

కావలి పిల్ల:
ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌కి నాకు ఓపిక లేదు. సైకాలజీ మేజర్‌గా డిగ్రీ చేస్తానంటే మా నాయన "పిచ్చోళ్ల చదువు మనకెందుకమ్మా, నర్సింగ్‌లో చేరు" అంటున్నాడు. ఇది చదివితే కౌన్సెలర్‌గా చేయొచ్చా? లెక్కలుంటాయా?

ఒంగోలు అక్క:
ఉంటాయమ్మా, స్టాటిస్టిక్స్, అంటే అంకెల్ని విశ్లేషించే లెక్కలు తప్పవు. మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ టెస్ట్... ఇంటర్‌లో లెక్కలు వదిలేసినవాళ్లు కూడా నెట్టుకొచ్చేస్తారు, భయపడకు. అసలు తంటా ఏంటంటే ఎదుటివాళ్ల మనసు చదివేయొచ్చు అనుకుని చేరినవాళ్లు మొదటి ఏడాదికే నీరుగారిపోతారు, ఎందుకంటే ఇక్కడ ఊహలకి పనిలేదు, 1879లో వుంట్ అనే శాస్త్రవేత్త జర్మనీలోని లైప్‌జిగ్‌లో సైకాలజీ ల్యాబ్ పెట్టిన దగ్గర్నుంచీ అన్నీ కొలిచి చూడాల్సిందే. అర్థంలేని అక్షరాలిచ్చి గుర్తుపెట్టుకోమంటారు, కాసేపాగి ఎన్ని మర్చిపోయావో లెక్కేస్తారు. మెదడు, నరాల పాఠాలకి నీ బైపీసీ బాగా పనికొస్తుంది. చేరేముందు ఆ కాలేజీలో ల్యాబ్ ఉందా, సైకాలజీకి సొంత లెక్చరర్ ఉన్నారా అడుగు. పేరుకే కోర్సు నడిపేవాళ్లు ఉంటారు.

కందుకూరు బాబాయ్:
డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్ట్, అంటే మానసిక సమస్యలకి మందుల్లేకుండా చికిత్స చేసేవాళ్లు, అని బోర్డు పెట్టడం కుదరదు తల్లీ. తర్వాత ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి, వాళ్ల దగ్గర రిజిస్టర్ కావాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట సీటంటే పోటీ గట్టిగా ఉంటుంది. మందులు రాసేది సైకియాట్రిస్టు, వాళ్లది ఎంబీబీఎస్ చేశాక చదివే పీజీ. ఈ తేడా మీ నాయనకి చెప్పు, సగం గొడవ తగ్గుతుంది. ఇంకోటి, దూరవిద్యలో చేద్దాంలే అనుకోవద్దు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ అడ్మిషన్లు యూజీసీ ఆపేసింది.

గూడూరు కుర్రాడు:
అంతేళ్లు చదివే స్తోమత ఇంట్లో లేకపోతే నర్సింగే మేలు, ఉద్యోగం తొందరగా వస్తుంది. కోపం తెచ్చుకోవద్దు.

ఒంగోలు అక్క:
గూడూరు తమ్ముడు డబ్బు సంగతి చెప్పింది నిజమే. కానీ క్లినికల్ ఒక్కటే దారి కాదు, హెచ్ఆర్ వైపు వెళ్లొచ్చు, గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. పీజీకి మన పక్కనే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఉంది.

కావలి పిల్ల:
థాంక్స్ అక్కా, బాబాయ్. తిరుపతి పేరు చెబితే నాయన కొంచెం మెత్తబడ్డాడు. ల్యాబ్ సంగతి సోమవారం కాలేజీకెళ్లి అడుగుతా.