కడుపునొప్పికి ప్రోబయాటిక్ క్యాప్సూల్సా, తరవాణి కుండా?

గుణుపురం కోడలు:
మా ఆయనకి రెండేళ్ళుగా కడుపులో మెలిపెట్టే నొప్పి. దొడ్డికెళ్ళొస్తే కాస్త సర్దుకుంటుంది, మర్నాడు మళ్ళీ మామూలే. స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా పేగుల పనితీరు గతితప్పి వచ్చే బాధట. ప్రోబయాటిక్స్, అంటే కడుపుకి మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా బిళ్ళలు, రాశారు. మా అత్తగారేమో "పొద్దున్నే తరవాణి (పులిసిన అన్నం నీళ్ళు) తాగేవాడికి ఆ బిళ్ళలెందుకు" అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

పర్లాకిమిడి మేస్టారు:
అత్తగారి మాటే వినమ్మా. మన తరవాణి, ఒడియావాళ్ళ తొరాణి ఒకటే. మార్చి 20న వాళ్ళు పఖాళ (ఆ నీళ్ళతో తినే అన్నం) దినం జరుపుకుంటున్నారంటే ఊరికేనా? రాత్రి అన్నంలో నీళ్ళు పోస్తే తెల్లారేసరికి వచ్చే ఆ పులుపు లాక్టిక్ ఆసిడ్ బ్యాక్టీరియా పనే.

రాయగడ ల్యాబ్:
మేస్టారూ, నేనూ చోడంబలి (పులిసిన రాగి అంబలి) తాగి పెరిగినదాన్నే. కానీ పులిసిందల్లా ప్రోబయాటిక్ కాదండీ. ఏ రకం బ్యాక్టీరియా, ఎన్ని బతికున్నాయి, మేలు చేసినట్టు రుజువుందా, ఇవన్నీ తేలాలి. మీ కుండలో పెరిగేవి మా కుండలో పెరగకపోవచ్చు.

క్యాప్సూల్స్ సంగతీ అంత తేలిక కాదు. 2006లో ఐబీఎస్ ఉన్న 362 మంది ఆడవాళ్ళకి ఒకే బిఫిడోబ్యాక్టీరియాని మూడు మోతాదుల్లో ఇచ్చి చూశారు: పది లక్షలు, పది కోట్లు, వెయ్యి కోట్లు. నొప్పి తగ్గింది పది కోట్లకే. వెయ్యి కోట్లది క్యాప్సూల్లోనే జిగురుముద్దలా గట్టిపడిపోయింది. డబ్బా మీద కోట్లు చూసి కొనకండి.

డాక్టర్ల సంఘాలకే పొత్తు కుదరలేదు. 2021లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వద్దంది. అదే ఏడు బ్రిటిష్ సంఘం 12 వారాలదాకా వాడి, గుణం లేకపోతే ఆపేయమంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది.

పర్లాకిమిడి మేస్టారు:
పన్నెండు వారాల బిళ్ళల ఖర్చు కూలి చేసుకునే ఇంటికి మాటలా? తరవాణితో నష్టమైతే లేదు కదా.

రాయగడ ల్యాబ్:
ఖర్చు మాట నిజమే. తరవాణి మానమనీ అనను. అమ్మా, ఆయన తరవాణితో పాటు పచ్చి ఉల్లిపాయ కొరుకుతారా? అందులోని ఫ్రక్టాన్లు అనే ఒకరకం పిండిపదార్థాలు మనకి అరగవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాసు పుట్టి పేగు సాగుతుంది. మామూలు మనిషికి అది తెలియను కూడా తెలియదు. ఐబీఎస్‌లో పేగు నరాలు చురుగ్గా ఉంటాయి గనక అదే నొప్పవుతుంది. ఒకటి మాత్రం మరవకండి: మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలేపే నొప్పి ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

గుణుపురం కోడలు:
అవేవీ లేవండీ. ఉల్లిపాయ మాత్రం రోజూ పెద్దది ఒకటి, ఉప్పులో అద్దుకుని. నొప్పి కూడా పదకొండింటికే మొదలవుతుంది! రేపట్నుంచి తరవాణి ఉంచి ఉల్లిపాయ ఆపుతాను. తగ్గకపోతే అప్పుడు క్యాప్సూల్స్. రెండూ ఒకేసారైతే దేనికి తగ్గిందో తెలీదు.