అప్‌డేట్: హైదరాబాద్ వదిలి నరసాపురం వచ్చేశాం

ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి పశ్చిమ గోదావరి జిల్లాలో మా అత్తగారి ఊరు నరసాపురంలో స్థిరపడవచ్చా, అక్కడ బోర్ కొడుతుందా, ఆసుపత్రి అవసరమైతే ఎలా అని అప్పట్లో అడిగాను. వెళ్ళమన్నవాళ్ళకీ, వద్దన్నవాళ్ళకీ థాంక్స్. వచ్చేశాం.

బోర్ సంగతి ముందు చెప్తాను. ఇక్కడ రైలు పట్టాలు ఆగిపోతాయి, ఆ తర్వాత వశిష్ట గోదావరే. సాయంత్రం రేవుకి వెళ్తే అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి వైపు పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) మీద బైకులు, కొబ్బరికాయల బస్తాలు, అంతర్వేది వెళ్ళే భక్తులు అందరూ కలిసి దాటుతుంటారు. మా పాపకి అదే పెద్ద వినోదం. వరద ఎక్కువగా ఉంటే మాత్రం పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి.

పక్కింటి పిన్నిగారు లేసు అల్లుతారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అంత సన్నని పని చేసే చేతులకి దక్కే కూలి మాత్రం చాలా తక్కువ. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ఆసుపత్రి గురించి మీరు హెచ్చరించింది నిజమే. మామూలు జ్వరానికి ఇక్కడే సరిపోతుంది, స్పెషలిస్టు కావాలంటే భీమవరం పోవాలి. పెద్దవాళ్ళకి గుండె జబ్బులాంటివి ఉంటే ఈ దూరం ముందే లెక్కేసుకోండి.

ఇంకోటి: ఇక్కడ ఎవరింటికి ఎవరొచ్చారో అందరికీ తెలుస్తుంది. మా ఆవిడకి అది హాయి, నాకింకా అలవాటు కాలేదు. వేసవి ఉక్కపోత మాత్రం ఇద్దరికీ కష్టమే.