‘ఎవరి కింద?’ అంటే ఏం చెప్పాలి: ఇద్దరు పైవాళ్ళున్న ఉద్యోగానికి తెలుగు మాట

గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట కోసం వెతుకుతున్నాను, తలో చెయ్యి వేయండి.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి పది రోజులైంది. మొన్న రాత్రి ఎనిమిదిన్నర కాల్ ముగించుకుని గదిలోంచి బయటికి రాగానే అడిగారు: "పొద్దున నువ్వు సెలవు అడిగినాయన ఈయనేనా?" కాదండీ, సెలవిచ్చేది ఇక్కడ నానక్‌రామ్‌గూడ ఆఫీసులో ఉండే ఆయన, పని చెప్పేది అమెరికాలో ఉండే ఈయన అన్నాను. "అయితే నువ్వు ఎవరి కింద చేస్తున్నట్టమ్మా?"

నాకు జవాబు దొరకలేదు. ఆఫీసులో సాలిడ్ లైను, డాటెడ్ లైను అనేసి ఊరుకుంటాం. ఎవరు ఎవరి కిందో చూపే చార్టులో సెలవిచ్చే ఆయనకు నిండు గీత, పని చెప్పే ఆయనకు చుక్కల గీత. ఆ గీతలు మా అత్తగారికి ఎలా చెప్పను?

మొదట ‘ద్వంద్వ’ తట్టింది. కానీ ద్వంద్వ వైఖరి, ద్వంద్వ ప్రమాణాలు అని తిట్టడానికే వాడి వాడి ఆ మాట పాడైపోయింది. పైగా బళ్ళో చదివిన క్లైవు ద్వంద్వ ప్రభుత్వం గుర్తొస్తుంది. 1765లో బెంగాల్లో శిస్తు వసూలు ఈస్టిండియా కంపెనీ చేతికి, శాంతిభద్రతలు నవాబు నెత్తికి. డబ్బూ అధికారమూ ఒకరివి, నింద ఇంకొకరిది. 1772లో వారన్ హేస్టింగ్స్ ఎత్తేసేదాకా నడిచింది. అలాంటి ఏర్పాటున్న ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయనుకోండి, అది వేరే గొడవ.

‘జంట’ మంచి మాటే. మనవి జంట నగరాలు, తాగిన నీళ్ళు జంట జలాశయాలవి. కాని జంట అంటే రెండూ కలిసి ఉండాలి. మా ఇద్దరు సార్లు ఒకరినొకరు తెరమీద తప్ప చూసుకోలేదు. ఇలా ఇద్దరు పైవాళ్ళుండే ఏర్పాటును ఇంగ్లీషులో ‘మాట్రిక్స్’ అంటారు, ఆ మాటకి ఇంటర్ లెక్కల పుస్తకంలో ‘మాత్రిక’ ఉంది. మాత్రికా సంస్థ అంటే ఆయుర్వేదం కొట్టు అనుకుంటారు.

సామెతలకేం, కొల్లలు. అడకత్తెరలో పోకచెక్క. రెండు పడవల మీద కాళ్ళు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గమనించారా, అన్నీ నలిగినవాడి ఏడుపులే. ఇద్దరి మధ్య ఉండి పని సాఫీగా నెగ్గించుకొచ్చినవాడి మాట ఒక్కటి తట్టడం లేదు.

అలాంటివాణ్ణి నేను కళ్ళారా చూశాను. పోయినేడు మియాపూర్‌లో మా బాత్‌రూమ్‌కి టైల్స్ వేయించాం. గోడ సగం అయ్యాక, గళ్ళు అడ్డంగా కాదు నిలువుగా వేయమన్నాను. ఆ కుర్రాడు కాదనలేదు, సరే అనీ అనలేదు. తాపీ తొట్టిలో పెట్టి, చేతులు కడుక్కుని, మేస్త్రీకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "మా మేస్త్రీతో ఒక మాట అనండి మేడమ్." మేము తేల్చుకునే దాకా బయట కూర్చుని టీ తాగాడు. పని ఒక్కసారే చేశాడు.

అదే పరిస్థితిలో నేనేం చేశానంటే, ఒక శుక్రవారానికి ఇక్కడాయన ఒక పని, అక్కడాయన ఇంకో పని అడిగితే ఇద్దరికీ ఊఁ కొట్టాను. శుక్రవారం సాయంత్రానికి రెండూ సగంలో ఉన్నాయి. నా టీములో నన్ను నమ్ముకున్న ముగ్గురు పిల్లలు శనివారం కూడా పనిలో కూర్చున్నారు. అప్పటినుంచి సోమవారం అరగంట ఆ ఇద్దరు సార్లూ నేనూ ఒకే కాల్‌లో కూర్చుంటున్నాం. ఆ వారం ఏది ముందో వాళ్ళిద్దరే నా ఎదుట తేల్చుకోవాలి. ఒకరి మాట ఇంకొకరికి నేను మోయను. ఏం చేయాలన్నది అక్కడాయన మాట, ఎవరు ఎప్పుడు చేయాలన్నది ఇక్కడాయన మాట అని కాయితం మీద పెట్టించాను. అయినా గొడవలొస్తాయి, కాకపోతే నా బల్ల మీద కాదు.

సరే, మాట చెప్పండి.

*వ్యాఖ్య (వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన):* అమ్మా, నా ఉద్యోగమంతా ఇలాగే గడిచింది. శాఖ ఒకటి, జిల్లాలో కలెక్టరుగారు ఒకరు. ఫైళ్ళలో దీన్ని పరిపాలనా నియంత్రణ, సాంకేతిక నియంత్రణ అని రాసేవాళ్ళం. మాటల్లో అయితే మీకు కావలసింది తెలుగులో ఉండనే ఉంది. ఏసీఆర్ (మన పనితీరు మీద ఏటా పై అధికారి రాసే రిపోర్టు) రాసేవాడి ‘కింద’, పని చెప్పేవాడి ‘దగ్గర’. "రావుగారి కింద ఉన్నాను, పని అమెరికావాళ్ళ దగ్గర" అనండి. మీ అత్తగారికి ఇట్టే అర్థమవుతుంది.

*వ్యాఖ్య (మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే ఆయన):* ఒక్కడికి ఒక్కడే పై అధికారి ఉండాలని ఫ్రాన్సులో గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లో రాశాడు. అంతకు ముందే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు ఒక్కో కార్మికుడికి 8 మంది ఫోర్‌మన్లు ఉండాలన్నాడు: వేగం చూసేవాడొకడు, నాణ్యం చూసేవాడొకడు, మరమ్మతు చూసేవాడొకడు, అలా. మీకు ఇద్దరే కదండీ! మాట్రిక్స్ పద్ధతి 1960లలో అమెరికా విమాన, అంతరిక్ష కంపెనీల్లో నాటుకుంది. రెక్కల ఇంజనీరుకి రెక్కల విభాగం పెద్దా ఉండాలి, ఆ విమానం ప్రాజెక్టు పెద్దా ఉండాలి. ఒకరు లేకపోతే పనితనం పోతుంది, ఇంకొకరు లేకపోతే గడువు పోతుంది.

*వ్యాఖ్య (నల్గొండ అన్న):* పెద్దాయనకు దండం. గని ‘దగ్గర’ మా దిక్కు నడ్వదు సార్. "పటేలు కాడ జీతమున్నడు" అంటం మేము. ‘కాడ’ అంటెనే జీతం, పొద్దున లేస్తె వాని గొడ్లకాన్నే ఉండాలె. మీ ‘దగ్గర’ మా ‘కింద’ కన్న బరువు. మా అమ్మకు ఈ అక్క గట్ల చెప్తె, అమెరికాయన ఇంట్ల పని చేస్తున్నదనుకుంటది.

*వ్యాఖ్య (పోచంపల్లి నేతవాళ్ళింటి అక్క):* మీరంతా పైన, కింద అని చూస్తున్నరు. అడ్డం, నిలువు అని చూడున్రి. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. పడుగు మగ్గానికి బిగించి ఉంటది, పేక నాడెల పడి అటూ ఇటూ తిరుగుతది. ఉత్త చీరకైతే ఎట్లనన్న నడుస్తది. తేలియా రుమాలు అని మా ఇక్కత్ గుడ్డ ఉంటది, అది అట్ల కాదు. పడుగుకు వేరె, పేకకు వేరె నేసుడు కంటె ముందే ముడులు కట్టి రంగులద్దుతం. రెండూ కలిసినకాడ ఎరుపు మీద ఎరుపు పడాలె. వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెదిరిపోతది. నేసేటామె పోగు పోగుకు ఆగి, గోటితోని సర్ది, అప్పుడు దెబ్బ కొడ్తది. అక్క చెప్పిన సోమవారం కాల్ గదే.

*నా జవాబు:* పెద్దాయన గారూ, నల్గొండ అన్నా, ‘కింద–దగ్గర’ తగువు మీరిద్దరూ తేల్చుకోండి, నేను టీ తాగుతూ ఉంటాను. పోచంపల్లి అక్క మాట మాత్రం తీసేసుకున్నాను. ఇక్కడాయన పడుగు అధికారి, కాల్‌లో వచ్చే ఆయన పేక అధికారి. నిండు గీత, చుక్కల గీత కన్నా ఇదే నయం. చుక్కల గీత అంటే ఆ మనిషి మాట సగమే వినాలన్నట్టు ఉంటుంది. పేక సగం పడితే అది గుడ్డే కాదు.

*వ్యాఖ్య (పెద్దాయనే మళ్ళీ):* బాగుంది. కానీ గుంటూరు జిల్లాలో ‘పేక అధికారి’ అని చూసుకుని అను తల్లీ.

*నా జవాబు:* అయిపోయిందండీ. నిన్న రాత్రి అత్తగారికి చెప్పాను. "ఎనిమిదిన్నరకి తలుపేసుకుని ఆడేది పేకాటా?" అన్నారు.