పాస్తా సాస్‌కి మన టమాటా పనికిరాదా? డబ్బా టమాటానే కొనాలా?

ఇడ్లీపాత్ర:
రైతుబజార్లో టమాటాలు తెచ్చి పాస్తా సాస్ చేశానండీ, వెల్లుల్లి, ఆలివ్ ఆయిల్, ఉప్పు, అంతే. పుల్లగా నీళ్ళనీళ్ళగా వచ్చింది, పిల్లలు "అమ్మా ఇది చారు కదా" అని నవ్వారు. ఇటాలియన్ డబ్బా టమాటా లేకపోతే అసలు రుచే రాదంటాడు మా మరిది. ఆ డబ్బా రేటుకి ఇక్కడ నాలుగైదు కిలోల టమాటా వస్తుంది. ఏం చేయమంటారు?

డల్లాస్_వంటిల్లు:
మీ మరిది అన్నది కరెక్టేనండీ. డబ్బాలోకి వెళ్ళే కాయ చెట్టు మీదే పండుతుంది, మార్కెట్‌కొచ్చేది దోరగా ఉన్నప్పుడే కోసి లారీ ఎక్కించింది. శాన్ మార్జానో అని వెసూవియస్ కొండ దగ్గర పండే పొడుగు రకం ఉంది, గింజ తక్కువ, కండ ఎక్కువ, 1996లో యూరప్ వాళ్ళు దానికి డీఓపీ గుర్తింపు (ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు వాడాలనే ముద్ర) కూడా ఇచ్చారు. అది దొరక్కపోయినా పర్లేదు, మామూలు డబ్బా తీసుకోండి, కానీ కాయలు మొత్తంగా ఉన్నదే కొనండి. ముక్కలు కోసిన డబ్బాల్లో చాలావాటికి కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ముక్క మెత్తబడకుండా, ఇక ఎంత ఉడికించినా అది సాస్‌లో కలవదు.

నాటుటమాటా:
మరి డబ్బాలు ఇంటింటికీ రాకముందు ఇటలీలో, ఆ వెసూవియస్ పక్కనున్న నేపుల్స్ ఊళ్ళో జనం సాస్ తినలేదా అండీ? కావల్‌కాంతి అని అక్కడి ఆయనే, 1839లో సేమ్యాలాంటి సన్న పాస్తాని టమాటాతో ఎలా వండాలో రాశాడు. ఇప్పటికీ అక్కడ చాలా ఇళ్ళల్లో ఆగస్టులో టమాటాలు పెట్టెలకొద్దీ కొని, ఉడికించి, వడగట్టి, సీసాల్లో పోసి ఏడాదికి దాచుకుంటారు, మనం ఆవకాయ పెట్టుకున్నట్టే. తాజా టమాటాతో రాదంటే ఆ సీసాల్లో ఉన్నదేంటి?

డల్లాస్_వంటిల్లు:
అదేగా నేను చెప్పేది! సీజన్లో బాగా పండినవి దాచుకుంటారు, ఏ కాయ పడితే అది వండరు. ఆ సీసా ఇంట్లో చేస్తే సంప్రదాయం, ఫ్యాక్టరీలో చేస్తే తప్పా?

గుంటూరుమిర్చి:
మీరిద్దరూ కాయ మీదే కొట్టుకుంటున్నారు, గిన్నె సంగతి ఎవరూ అడగలేదు. ఇడ్లీపాత్ర గారూ, కుక్కర్లో పెట్టారా? టమాటాలో 94 శాతం దాకా నీళ్ళే, మూతపెడితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? వెడల్పాటి మూకుడు తీసుకోండి, మూత వద్దు. టమాటాని అడ్డంగా రెండు ముక్కలు కోసి, కోసిన వైపు కొబ్బరి కోరినట్టు తురమండి, గుజ్జంతా గిన్నెలో పడి తొక్క చేతిలో మిగులుతుంది. మిక్సీ వద్దు, గాలి కలిసి రంగు పాలిపోతుంది, గింజ నలిగితే చేదు రావచ్చు. గింజల చుట్టూ ఉండే జిగురుని మాత్రం పారేయకండి, కమ్మదనం కండలో కన్నా అందులోనే ఎక్కువ. నూనెలో వెల్లుల్లి కొంచెం రంగు మారగానే గుజ్జు పోసి, మొదట పెద్ద మంట మీద, చిక్కబడ్డాక సిమ్‌లో ఉంచండి. గరిటెతో గిన్నె అడుగున గీస్తే ఆ గీత వెంటనే పూడకూడదు, అంచుల్లో నూనె తేలాలి, టమాటా పచ్చడికి ఎక్కడ దించుతామో ఇంచుమించు అక్కడే.

ఇడ్లీపాత్ర:
అవునండీ కుక్కరే 😅 మరి పులుపుకి చక్కెర వేయొచ్చా?

నాటుటమాటా:
నాటు కాయ అయితే పులుపు ఉంటుంది, చిటికెడు వేస్తే తప్పేం లేదు.

గుంటూరుమిర్చి:
చక్కెర వేస్తే పులుపు పోదండీ, నాలుకకి తెలీకుండా ఉంటుందంతే. నిజంగా తగ్గాలంటే చిటికెలో సగం వంటసోడా, కాస్త పొంగి అణుగుతుంది, ఎక్కువైతే సబ్బు రుచి. నా ఓటు మాత్రం వెన్నకి. మార్సెల్లా హజాన్ గారి సాస్ ఉంది, ఆవిడ ఇటలీలో పుట్టి అమెరికాలో వంట నేర్పిన మనిషి, 2013లో పోయారు. టమాటా, 5 టేబుల్ స్పూన్ల వెన్న, సగానికి కోసిన ఒక ఉల్లిపాయ, ఉప్పు, 45 నిమిషాలు సన్నమంట, అంతే, వెల్లుల్లి కూడా లేదు, చివర్లో ఉల్లిపాయ తీసేస్తారు. డబ్బా టమాటాతోనైనా సరే, బాగా పండిన తాజా టమాటాతోనైనా సరే అని ఆవిడే చెప్పారు, ఇక మీరిద్దరూ రాజీ పడండి.

పోపులపెట్టె:
ఇంత గొడవెందుకు, రెండు ఎండుమిర్చి, నాలుగు ఆవాలు వేసేయండి 🙏

డల్లాస్_వంటిల్లు:
ఆవాలు వేస్తే దాన్ని పాస్తా అనకండి ప్లీజ్. సరే, పండిన కాయ అయితే నేనూ ఒప్పుకుంటా. 2023 జులైలో టమాటా కిలో 200 దాటినప్పుడు ఏం చేశారో కూడా చెప్పండి మరి.

నాటుటమాటా:
గోంగూర తిన్నాం.

గుంటూరుమిర్చి:
😂 ఇడ్లీపాత్ర గారూ, బండి దగ్గర గట్టివి ఏరుకోకండి, సాయంత్రం పూట మెత్తబడ్డవి కుప్పపోసి తక్కువకి ఇచ్చేస్తారు చూడండి, కుళ్ళనివి చూసుకుని అవి తెచ్చుకోండి. పాస్తా నీళ్ళలో లీటరుకి 10 గ్రాముల ఉప్పు, వార్చే ముందు ఒక గరిటెడు ఆ నీళ్ళు తీసి పక్కన పెట్టండి. పాస్తాని సాస్‌లో వేసి ఆ గంజినీళ్ళు పోసి ఒక నిమిషం కలిపితే సాస్ ముక్కకి పట్టుకుంటుంది, అడుగున నీళ్ళు తేలవు. సాస్ మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అంతకన్నా ఎక్కువైతే ఫ్రీజర్.

ఇడ్లీపాత్ర:
వెన్నది ముందు చేసి చూస్తానండీ, ఇంట్లో ఉల్లిపాయలు ఎలాగూ ఉన్నాయి. మరిదికి మాత్రం ఏ టమాటానో తిన్నాకే చెప్తా.