ఫర్నేస్ ఫిల్టర్ల ఖర్చు తగ్గించుకునే దారి ఉందా?

గాలిమర:

నమస్తే అందరికీ. మా ఇంట్లో ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్‌కీ ఏసీకీ కలిపి ఒకటే బ్లోవర్ (గాలి తోసే ఫ్యాన్), అంటే ఫిల్టర్‌కి ఏడాది పొడుగునా పనే. వాడేది అంగుళం మందం ఉన్న మడతల ఫిల్టర్. అట్ట మీద 90 రోజులు అని రాసి ఉంటుంది గానీ మాకు అంతకు చాలా ముందే బూడిద రంగులోకి తిరిగిపోతుంది (కుక్క ఉంది, కార్పెట్లు ఉన్నాయి), చూస్తూ ఊరుకోలేక మార్చేస్తాను. అలా మార్చి మార్చి ఖర్చు తడిసి మోపెడవుతోంది.

కొనడానికి వెళ్తే ఇంకో తలనొప్పి. ఒకదాని మీద మెర్వ్ అని ఉంటుంది, ఇంకోదాని మీద ఎంపీఆర్, మరోదాని మీద ఎఫ్‌పీఆర్. నంబర్ పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది, నాకు అంతవరకే అర్థమైంది. అలెర్జీ, వైరస్, పొగ, వాసన అంటూ పెట్టె నిండా బొమ్మలు వేసి భయపెడతారు, తక్కువ నంబర్ తీసుకుంటే ఇంట్లో వాళ్లకి ఏదో అన్యాయం చేస్తున్నట్టు అనిపిస్తుంది.

పలచగా ఉండే చవక ఫైబర్‌గ్లాస్ ఫిల్టర్లు వేస్తే నష్టమా? కడిగి మళ్లీ వాడుకునేవి నిజంగా పనిచేస్తాయా? ఉన్నదాన్నే వాక్యూమ్‌తో దులిపి ఇంకో నెల లాగించొచ్చా?

ఇంకోటి, ఇది మామూలేనో కాదో తెలీదు. హాల్లో గోడకున్న పెద్ద గ్రిల్ వెనక ఒక ఫిల్టర్ ఉంది (20×30×1 అంగుళాలు), ఫర్నేస్ పక్కన సందులో ఇంకోటి ఉంది (16×25×1). ఇల్లు కొన్నప్పటి నుంచీ అలాగే ఉన్నాయి, రెండూ మారుస్తున్నాను.

డక్టుమేస్త్రి:

మీ చివరి పేరాలోనే సగం జవాబు ఉందండీ. ఒకే గాలి దారిలో రెండు ఫిల్టర్లు అక్కర్లేదు. గ్రిల్ దగ్గర మొదటిది దుమ్ము పట్టేశాక రెండోదానికి మిగిలే పని చాలా తక్కువ, గాలికి అడ్డం మాత్రం రెండు చోట్లా ఉంటుంది. ఒకటి తీసేయండి.

ఏది తీయాలన్నది ఇల్లు చూసి తేల్చాలి. గాలిని వెనక్కి లాగే గ్రిల్స్ ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. హాల్లోది ఒక్కటే అయితే రెండు ఫిల్టర్లలో ఏదైనా ఉంచుకోవచ్చు. పడగ్గదుల్లో ఇంకోటి ఉండి దానికి ఫిల్టర్ లేకపోతే ఫర్నేస్ దగ్గరిదే ఉంచాలి, ఎందుకంటే అన్ని దారుల గాలీ చివరికి అక్కడికే చేరుతుంది. గ్రిల్ ఫిల్టర్ సైజు పెద్దది, గాలి నెమ్మదిగా పోతుంది, అది దాని లాభం. కానీ డక్ట్ (గాలి గొట్టం) అటక మీదుగానో ఇంటి కింద నుంచో వస్తూ అతుకుల దగ్గర లీక్ అవుతుంటే ఆ దుమ్ము గ్రిల్ దాటాక లోపలికి దూరుతుంది, తర్వాత దాన్ని ఆపేదేమీ ఉండదు. నన్నడిగితే ఫర్నేస్ దగ్గరిది ఉంచుతాను.

నంబర్ల సంగతి. ఇవన్నీ ఫిల్టర్ ఎంత బాగా వడకడుతుందో చెప్పేవే. వీటిలో మెర్వ్ ఒక్కటే ఏ కంపెనీదీ కాని కొలత, ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన 52.2 అనే పరీక్షా ప్రమాణం నుంచి వచ్చింది, 1 నుంచి 16 దాకా ఉంటుంది. ఎంపీఆర్ 3ఎం వాళ్లు తమ ఫిల్టర్లకి పెట్టుకున్నది, ఎఫ్‌పీఆర్ హోమ్ డిపో దుకాణాల్లో అమ్మే వాటి మీద కనిపించేది. సుమారుగా ఎంపీఆర్ 1000 అన్నా ఎఫ్‌పీఆర్ 7 అన్నా మెర్వ్ 11 దగ్గర ఉంటుంది, ఎంపీఆర్ 1900, ఎఫ్‌పీఆర్ 10 అంటే మెర్వ్ 13 దగ్గర. చాలా పెట్టెల మీద ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో మెర్వ్ కూడా వేస్తారు, అది వెతికి అదే పోల్చుకోండి, బొమ్మలు చూడకండి.

మెర్వ్ 8 అంటే 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 70 శాతం ఆపాలి. మామూలు ఇంటి దుమ్ముకీ పుప్పొడికీ కుక్క వెంట్రుకలకీ ఇది చాలు. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య ఉండే సన్న కణాల్లో కూడా కనీసం సగం ఆపాలి, పొగలో ఎక్కువగా ఉండేవి ఇలాంటివే. ఇంట్లో ఆస్తమా ఉంటేనో, బయట కార్చిచ్చు పొగ వస్తుంటేనో 13 వేసుకోండి. అదేమీ లేకుండా అంగుళం మందంలో ఏడాదంతా 13 వాడటం డబ్బు దండగ అని నా అభిప్రాయం, పైగా పాత బ్లోవర్‌కి అది ఊపిరాడనివ్వదు. బొగ్గు పొర ఉందని ఎక్కువ ధర చెప్పేవి కూడా అంతే, అంగుళం ఫిల్టర్‌లో పట్టే బొగ్గు ఎంతని, వాసన కొన్నాళ్లు లాగి తర్వాత ఊరుకుంటుంది.

మీ మిగతా ప్రశ్నలు. ఫైబర్‌గ్లాస్‌వి మెర్వ్ 1 నుంచి 4 మధ్య ఉంటాయి, పెద్ద చెత్త బ్లోవర్‌లోకి పోకుండా ఆపడం వరకే వాటి పని. సన్న దుమ్ము దాటిపోయి ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద పేరుకుంటుంది, కుక్క ఉన్న ఇంట్లో మరీనూ. కాయిల్ కడిగించడానికి మనిషిని పిలిచారంటే ఫిల్టర్ల మీద మిగిల్చిందంతా అక్కడ పోతుంది. వాక్యూమ్ వద్దు. పైన కనిపించే దుమ్ము వస్తుంది, పీచు లోపల ఇరుక్కున్నది రాదు, గట్టిగా లాగితే మడత చిరుగుతుంది, ఇక గాలంతా ఆ చిరుగులోంచే పోతుంది. నీళ్లతో అసలే కడగొద్దు, ఈ మడతల ఫిల్టర్లలో చాలావాటి పీచుకి సన్న దుమ్మును అంటించుకునే స్టాటిక్ చార్జ్ ఉంటుంది, తడిస్తే అది పోతుంది.

లెక్కల పిచ్చి:

మేస్త్రి గారు చెప్పినదానికి తోడు డబ్బు వైపు నుంచి రెండు ముక్కలు. ఫిల్టర్ ధర చూడకండి, నెలకి ఎంత పడుతుందో చూడండి. ధరని అది నిజంగా మీ ఇంట్లో నిలిచే నెలలతో భాగించండి. నెలకే మార్చాల్సిన చవకది, మూడు నెలలు నిలిచే ఓ మోస్తరుది పక్కపక్కన పెట్టి ఈ లెక్క వేస్తే చాలాసార్లు చవకది ఓడిపోతుంది.

విడిగా ఒక్కొక్కటి కొనడం అన్నిటికంటే దండగ. ఆరో పన్నెండో ఉన్న పెట్టె తీసుకుంటే ఒక్కోటి బాగా తగ్గుతుంది, పొడిగా ఉన్న చోట నలగకుండా నిలబెట్టి ఉంచితే ఏళ్లు గడిచినా పాడవ్వవు. కానీ మొదటిసారే పన్నెండు కొనకండి, ఒకటి తెచ్చి సందులో సరిగ్గా కూర్చుందా, బ్లోవర్ చప్పుడు మారిందా చూసుకుని అప్పుడు పెద్ద పెట్టె. అదే సైజు వాడే పక్కింటివాళ్లుంటే చెరిసగం. ఇంటికి పంపే చందా పథకాలు మాత్రం జాగ్రత్త, డిస్కౌంట్ ఇస్తారు నిజమే, కానీ వాళ్ల క్యాలెండర్ ప్రకారం పంపుతారు, మీ ఫిల్టర్ ఇంకా బాగానే ఉన్నా కొత్తది వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. గడువు మార్చుకునే వీలుంటేనే చేరండి.

సైజు విషయంలో కూడా చాలామంది తికమక పడతారు. అట్ట మీద పెద్దగా వేసేది పేరుకి చెప్పే సైజు, అసలు కొలత దానికంటే పావు నుంచి అర అంగుళం దాకా తక్కువ ఉంటుంది. 16×25×1 అన్నది టేపు పెట్టి కొలిస్తే దాదాపు 15½ × 24½ × ¾ రావచ్చు. టేపుతో కొలిచి ఆ అంకెలతో వెతికితే దొరకదు, ఎవరో స్పెషల్ సైజు అని చెప్పి ఎక్కువ ధరకి అంటగడతారు. ముందు పాత ఫిల్టర్ అంచు మీద రాసింది చదవండి.

బూడిద రంగుకి భయపడి మార్చేస్తున్నారన్నారు కదా, రంగు మారిందంటే అది పని చేస్తోందని. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, కాంతి ఇంకా వస్తుంటే సాధారణంగా కొన్నాళ్లు ఆగొచ్చు. చలీ ఎండా లేని నెలల్లో బ్లోవర్ తక్కువ తిరుగుతుంది, అప్పుడు ఫిల్టర్ ఇంకా ఎక్కువ నిలుస్తుంది. ఇంట్లో వేడి ఎంతుండాలో సెట్ చేసే థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ‘ఆన్’లో పెట్టి వదిలేశారేమో కూడా చూసుకోండి, ‘ఆటో’లో పెడితే అవసరమైనప్పుడే తిరుగుతుంది. థర్మోస్టాట్ ఫిల్టర్ మార్చమని గుర్తు చేస్తుంది కదా అంటారు, చాలావాటిలో అది రోజులో గంటలో లెక్కపెట్టి చెప్పేదే, దుమ్ము దానికి కనపడదు.

కడిగేసేవాడు:

అందరూ కడిగే ఫిల్టర్లని తీసిపారేస్తారు గానీ నేను వాడుతున్నాను, బాగానే ఉంది. ఒకసారి కొన్నాక మళ్లీ ఖర్చు లేదు, చెత్త కూడా లేదు. పైపుతో కడిగి ఆరబెట్టడమే కదా.

డక్టుమేస్త్రి:

ఖర్చు లేదన్నది నిజమే, కాదనను. కానీ వాటిలో చాలావాటికి మెర్వ్ తక్కువ, ఫైబర్‌గ్లాస్ కంటే కాస్త మెరుగు అంతే. కొన్నవాళ్లలో ఎక్కువమంది నెలనెలా కడగరు. కడిగినా తడి ఆరకుండా పెట్టేస్తే బూజు పట్టే ప్రమాదం ఉంది, ఆరేదాకా ఫర్నేస్ ఆపి కూర్చోవాలి, లేదా రెండోది కొనుక్కోవాలి. మీరు శ్రద్ధగా చేస్తున్నారు కాబట్టి మీకు కుదిరింది. కుక్క ఉన్న గాలిమర గారికి నేను చెప్పను.

పాతిల్లు:

ఒక మాట ఎవరూ ఎత్తలేదు, మందం. అంగుళం ఫిల్టర్ మీద ఎంత లెక్క వేసుకున్నా ఒక హద్దు ఉంటుంది, మడతలు లోతుగా ఉండవు కాబట్టి దుమ్ము పట్టే చోటే తక్కువ. నాలుగైదు అంగుళాల ఫిల్టర్‌లో వడకట్టే గుడ్డ విప్పితే కొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది. అదే మెర్వ్ నంబర్‌కి గాలి సులువుగా పోతుంది, మార్చేది ఆరు నెలలకో ఏడాదికో. విడిగా ధర ఎక్కువే, కానీ పైన ఆయన చెప్పినట్టు నెలకి భాగించి చూడండి.

దానికి వెడల్పాటి ఫిల్టర్ పెట్టె ఫర్నేస్ పక్కన బిగించాలి, పనివాడికి ఒకసారి ఖర్చు. అద్దె ఇల్లయితే ఊసెత్తకండి. సొంత ఇల్లు, ఇంకా ఏళ్ల తరబడి ఉండేదుంటే, ఎలాగూ ఫర్నేస్ మార్చే పని పడినప్పుడు దాంతోపాటే చేయించుకుంటే విడిగా కూలి పడదు.

గాలిమర:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. హాల్లో గ్రిల్ కాక పడగ్గది నడవాలో ఇంకో చిన్న గ్రిల్ ఉంది, దానికి ఫిల్టర్ లేదు. కాబట్టి హాల్లోది తీసేశాను.

మందం మాట విన్నాక ఫర్నేస్ పక్కన సందు మూత తీసి టార్చ్ వేసి చూశాను. అంగుళం ఫిల్టర్‌కి అటూ ఇటూ బోలెడు ఖాళీ ఉంది, కదలకుండా ఎవరో అట్టముక్క మడిచి దోపారు. సందు లోతు కొలిస్తే నాలుగున్నర అంగుళాలు వచ్చింది. అంటే ఇది మొదటి నుంచీ మందపాటి ఫిల్టర్ కోసం పెట్టిందేనా?

పాతిల్లు:

అదే. పెట్టె మీకు ముందే ఉంది, పనివాడి ఖర్చు కూడా తప్పింది! ముందున్నవాళ్లు చవకగా అవుతుందని అంగుళంది పెట్టి సరిపెట్టుకున్నట్టున్నారు. ఆ అట్టముక్క పక్క నుంచి గాలి వడకట్టకుండానే పోయి ఉంటుంది, కాయిల్ ఒకసారి చూపించుకోండి.

డక్టుమేస్త్రి:

నాలుగున్నర సందు అంటే మీకు కావాల్సింది 16×25×5 అని అమ్మేది, దాని అసలు మందం సాధారణంగా 4⅜ దగ్గర ఉంటుంది. 4 అని రాసింది కొంటే అది నిజానికి 3¾ లోపే, మళ్లీ సందు మిగిలి అట్టముక్క వెతుక్కోవాలి. కానీ ఐదంగుళాల వాటిలో ఒక్కో కంపెనీది అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది, పొడవు వెడల్పుల్లో కూడా. కాబట్టి ఇక్కడ మాత్రం అట్ట మీద పెద్ద అంకెలు నమ్మకుండా అసలు కొలత రాసి ఉన్నది చూసి కొనండి. పెట్టె లోపల గోడకి స్టిక్కర్ ఉంటే ఏ మోడల్‌కి ఏ ఫిల్టర్ అని రాసి ఉంటుంది, ఆ నంబర్‌తో వెతికితే అసలు కంపెనీదే కాకుండా అదే కొలతతో వేరేవాళ్లు చేసినవి కూడా దొరుకుతాయి, తక్కువకి. మెర్వ్ సమానంగా ఉండి సందులో బిగుతుగా కూర్చుంటే వాటితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈ మందంలో మెర్వ్ 11 హాయిగా వాడుకోవచ్చు.

పెట్టేటప్పుడు చట్రం మీద బాణం గుర్తు బ్లోవర్ వైపు ఉండాలి. మూత వదులుగా ఉంటే చుట్టూ టేపు వేయండి, లేకపోతే ఫర్నేస్ గదిలో దుమ్మంతా ఆ సందులోంచి లాగుతుంది. వేసిన తేదీ అంచు మీద రాసి పెట్టుకోండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి తీసి చూస్తే మీ ఇంట్లో ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుతుంది. గది గ్రిల్స్‌లోంచి గాలి బలహీనపడినా, వేడి వస్తూ వస్తూ మధ్యలో బర్నర్ ఆగిపోతున్నా, ఏసీ కాయిల్ మీద మంచు కట్టినా ఇంకా నెల ఉందిలే అని ఆగకండి, ముందు ఫిల్టర్ తీసి చూడండి. వేడెక్కిపోయి సేఫ్టీ స్విచ్ మాటిమాటికీ ఆపుతుంటే అది ఫర్నేస్‌కి మంచిది కాదు.

గాలిమర:

స్టిక్కర్ ఉంది, మోడల్ నంబర్ కూడా చదవడానికి వచ్చింది. ముందు ఒక్కటే ఆర్డర్ పెడుతున్నాను. అయితే 20×30×1 కొత్తవి ఒక పెట్టె మిగిలిపోయింది, సగం కూడా వాడలేదు. వాటినేం చేయను?

లెక్కల పిచ్చి:

సీల్ తీయని పెట్టె ఏమైనా ఉంటే వాపసు తీసుకుంటారేమో అడగండి. తెరిచింది అదే సైజు వాడేవాళ్లకి సగం ధరకి ఇచ్చేయండి, 20×30 గ్రిల్స్ ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి, ఇట్టే పోతాయి. ఉన్నాయి కదా అని మళ్లీ గ్రిల్‌లో మాత్రం పెట్టకండి.