8255తో స్టెప్పర్ మోటారు: వణుకుతోంది గానీ తిరగట్లేదు

ఈసీఈ కుర్రాడు:
8085 మైక్రోప్రాసెసర్ కిట్‌కి 8255 (ఇన్‌పుట్/అవుట్‌పుట్ పోర్టులిచ్చే చిప్) ద్వారా స్టెప్పర్ మోటారు (ఒక్కో అడుగుగా తిరిగేది) కలిపాను. పోర్ట్ ఏ కింది నాలుగు పిన్నుల నుంచి యూఎల్ఎన్2003 డ్రైవర్ చిప్ మీదుగా కాయిల్స్‌కి వైర్లు వెళ్తాయి. పోర్ట్ సీ మొదటి పిన్ను పీసీ0కి లిమిట్ స్విచ్ (హద్దుకి చేరితే నొక్కుకునేది) ఉంది. మా కిట్‌లో పోర్ట్ ఏ అడ్రస్ 00, పోర్ట్ సీ 02, పోర్టుల దిశ నిర్ణయించే కంట్రోల్ రిజిస్టర్ 03 (అంకెలన్నీ హెక్స్‌లో). లూప్‌లో 09, 05, 06, 0ఏ వరసగా పంపుతున్నా. ఒక్కో స్టెప్ పంపాక స్విచ్ చూసే సబ్‌రొటీన్, దాని తర్వాత డిలే. మోటారు టిక్ టిక్‌మని వణుకుతోంది, అంతే. షాఫ్ట్ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగిపోతోంది. ఆ సబ్‌రొటీన్ తీసేస్తే మాత్రం బాగానే నడుస్తోంది. రేపు వైవా, టెన్షన్‌గా ఉంది.

వోల్ట్‌మీటర్:
12 వోల్టుల సప్లైకి కరెంట్ చాలడం లేదేమో. వేరే అడాప్టర్ పెట్టి చూడు.

పాత ల్యాబ్ మాష్టారు:
సప్లై తప్పయితే సబ్‌రొటీన్ తీసినా అదే గొడవ ఉండాలి కదండీ. బాబూ, షాఫ్ట్ వదులుగా ఉందన్నావు చూడు, గుట్టంతా అక్కడే ఉంది. డిలే సమయంలో కాయిల్స్‌లో కరెంటే లేదు. ఉంటే నీ వేళ్లకి గట్టిగా తగిలేది. సబ్‌రొటీన్‌లో 03కి ఏమైనా రాస్తున్నావా?

ఈసీఈ కుర్రాడు:
అవును సార్. మొదట 80 రాశాను, అన్నీ అవుట్‌పుట్. స్విచ్ చదివే ముందు 81, చదివాక మళ్లీ 80.

పాత ల్యాబ్ మాష్టారు:
దొరికింది. 80, 81 లాంటి మోడ్ కంట్రోల్ వర్డ్ రాసిన ప్రతిసారీ 8255 తన అవుట్‌పుట్ లాచ్‌లన్నీ (పిన్నుల మీద విలువ పట్టి ఉంచేవి) సున్నా చేసుకుంటుంది. నువ్వు మార్చింది పోర్ట్ సీ దిశ ఒక్కటే అయినా పోర్ట్ ఏలో ఉన్న 09 కూడా పోతుంది. స్టెప్ ఇచ్చిన కొన్ని మైక్రోసెకన్లకే దాన్ని నువ్వే తుడిచేసి, డిలే అంతా ఖాళీ కాయిల్స్‌తో కూర్చుంటున్నావు. మోటారు పాపం ఏం చేస్తుంది!

అసలు దిశ మార్చాల్సిన పనే లేదు. పోర్ట్ సీ రెండు సగాలకీ దిశ విడివిడిగా పెట్టుకోవచ్చు. 81 అంటేనే ఏ, బీ, సీ పై సగం అవుట్‌పుట్, సీ కింది సగం ఇన్‌పుట్. ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి రాసి వదిలెయ్. సబ్‌రొటీన్‌లో ఐఎన్ 02 (పోర్ట్ సీ చదవడం), ఏఎన్ఐ 01 (పీసీ0 బిట్ ఒక్కటే ఉంచుకోవడం) చాలు. పరీక్షల్లో మోడ్ 2 కంట్రోల్ వర్డ్ కట్టమని అడుగుతారు గానీ, ల్యాబ్‌లో పిల్లల్ని ఏడిపించేది ఇదే.

ఈసీఈ కుర్రాడు:
తిరిగింది సార్! పీసీ7కి ఒక రిలే కూడా పెట్టాలి. దానికీ 03 ముట్టుకోకూడదా?

పాత ల్యాబ్ మాష్టారు:
ముట్టుకోవచ్చు. 03కి రాసే బైట్‌లో అన్నిటికన్నా పై బిట్ డీ7 సున్నా అయితే అది బిట్ సెట్/రీసెట్ వర్డ్, పోర్ట్ సీలో ఒక్క బిట్ మారుస్తుంది, మిగతా లాచ్‌ల జోలికి పోదు. 03కి 0ఎఫ్ రాస్తే పీసీ7 ఆన్, 0ఈ రాస్తే ఆఫ్. రిలేని మాత్రం నేరుగా పిన్‌కి తగిలించకు. యూఎల్ఎన్‌లో ఏడు దారులున్నాయి, నువ్వు వాడింది నాలుగే.